రెండువందల పద్నాలుగో పాట

పోయిన వారం కథ మార్త చేతిలోని ఫోను తెర నల్లబడిన దగ్గర ఆగింది. పామర్రు అవతల కాలవగట్టు మీద ఎరుకల కాలనీ. ఆదివారం మధ్యాహ్నం చర్చి వరండాలో పందొమ్మిదిమంది పిల్లలు చాపల మీద కూర్చున్నారు. ఎరుకల మాటలో 'తన్ని' అంటే నీళ్లని ఒక పిల్ల గట్టిగా చెబుతోంది. ఆ మాటని తన పెద్దమ్మ శౌరమ్మ నోట వినిపిద్దామని మార్త ఫోను తెరిచేసరికి 'మన మాట' చానెల్ లేదు. రెండేళ్లు కష్టపడి పెట్టిన డెబ్బై మూడు వీడియోలూ లేవు. వాటి చోట నాలుగు ముక్కలున్నాయి. మూడుసార్లు కాపీరైట్ ఫిర్యాదు అందినందువల్ల ఈ చానెల్‌ని మూసేశామని. ఫిర్యాదు చేసినవారి పేరు వారసవాణి డిజిటల్. ఊరు విజయవాడ, పేట గవర్నర్‌పేట.

ఆ వీడియోల్లో ఉన్న ముఖం శౌరమ్మది. గొంతు శౌరమ్మది. వెనకాల కనిపించే వాకిలి ఆవిడ ఊడ్చుకున్న వాకిలి, చేతుల్లో తిరుగుతున్న వెదురు తట్ట ఆవిడ అల్లుకుంటున్న తట్ట. తీసింది మార్త. మరి ఇందులో దొంగ ఎవరు?

ఆ సంగతి తేల్చుకుందామనే సోమవారం పొద్దున్నే మార్త పెద్దమ్మని వెంటబెట్టుకుని విజయవాడ బస్సెక్కింది.

మార్త అంగన్‌వాడీ టీచరు. ముప్ఫై ఆరేళ్లు. చిన్నప్పుడే తల్లి పోతే శౌరమ్మే తన కొడుకు నానితో పాటు ఆమెనీ పెంచింది. కాలనీలో నలభై గడపలుంటే, ఎరుకల మాట తడుముకోకుండా మాట్లాడేది ఇప్పుడు శౌరమ్మ ఒక్కతే. నడివయసు వాళ్లకి వింటే అర్థమవుతుంది గానీ నోరు తిరగదు. పిల్లలకి ఆ వినికిడీ లేదు. బళ్లో నవ్వుతారని తల్లులే ఆ మాటని గడప లోపలే ఉంచారు, తర్వాత గడప లోపల కూడా మాన్పించారు. మార్త కూడా ఐదో తరగతిలో ఒకసారి దాహమై 'తన్ని' అని నోరు జారింది. క్లాసంతా నవ్వింది. టీచరూ నవ్వింది. ఆ నవ్వు చెవుల్లోంచి పోవడానికి ఆమెకి పాతికేళ్లు పట్టింది. పోయాకే చానెల్ పెట్టింది.

అంతకు ఏడాది ముందు వారసవాణి వాళ్లు కాలనీకి వచ్చారు. అంతరించిపోతున్న భాషని కాపాడతామన్నారు. పదకొండు రోజులు శౌరమ్మ వాకిట్లో మైకులు పెట్టుకుని కూర్చున్నారు. ఆవిడ మాటలు చెప్పింది, కథలు చెప్పింది, పెళ్లి పాటలూ నాట్ల పాటలూ పాడింది. రాసుకోవడానికి సుస్మిత అనే అమ్మాయి వచ్చింది. ఉయ్యూరు పిల్ల, భాషాశాస్త్రం చదువుకుంది. శౌరమ్మ చేత్తో అన్నం తింది, అమ్మమ్మా అని పిలిచింది. పదకొండు రోజులయ్యేసరికి ఎరుకల మాటలో తప్పుల్లేకుండా పలకరించేది.

ఆ పదకొండో రోజునే నాని పోయాడు. రొయ్యల చెరువు కాపలాకి వెళ్లినవాడు, నీళ్లలోకి దిగి, చెరువుకి గాలి పట్టించే ఏరేటర్ తీగ సరిచేయబోతే కరెంటు కొట్టింది. ఆ ఇంట్లో శవం ఉన్నంతసేపూ సుస్మిత శౌరమ్మ పక్కనే కూర్చుంది. ఆ పిల్ల మనసు మంచిదని మార్త ఇప్పటికీ పదిమందికి చెబుతూ ఉంటుంది.

గవర్నర్‌పేటలో ఆటో దిగేసరికి పదకొండు దాటింది. కింద కరెంటు సామాన్ల హోల్‌సేల్ కొట్టు. గుమ్మం నిండా వైర్ల చుట్టలు, ఫ్యాన్ల అట్టపెట్టెలు. పక్కన ఇరుకు మెట్లు. శౌరమ్మకి డెబ్బై రెండేళ్లు, మోకాళ్లు సహకరించవు. మెట్టుకో నిమిషం ఆగుతూ మూడో అంతస్తు ఎక్కింది.

పైన అద్దాల తలుపు. లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగోడ మీద ఆవిడే ఉంది. నిలువెత్తు ఫోటో. నుదుటి ముడతలు, ముక్కుకి రాయి ఊడిన బులాకి, నవ్వితే కనిపించే ఒంటి పన్ను. కింద తెలుగులోనే రాసి ఉంది. "మట్టి గొంతులకు మరణం లేదు."

శౌరమ్మ తన ఫోటోని కాసేపు చూసింది.

"ఎవరు తీశారే దీన్ని?" అని అడిగింది.

"వీళ్లే పెద్దమ్మా."

"నాకు చూపించలేదు."

మేనేజరు హర్షవర్ధన్ లేచి ఎదురొచ్చాడు. ముప్ఫై మూడు ముప్ఫై నాలుగేళ్లుంటాయి. మనిషి మర్యాదస్థుడు. వంగి శౌరమ్మ కాళ్లకి దండం పెట్టాడు, ఏసీ తగ్గించమన్నాడు, మజ్జిగ తెప్పించాడు. పోట్లాడదామని వచ్చినవాళ్లని సగం చల్లార్చే మర్యాద అది. ఆ గదిలోనే కిటికీ పక్క బల్ల దగ్గర, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, సుస్మిత కూర్చుని ఉంది. వీళ్లని చూసింది. లేవబోయి, మేనేజరు వైపు చూసి, మళ్లీ కూర్చుంది.

"అమ్మగారిని చూడటం చాలా హ్యాపీగా ఉందండి. మేమే మీ ఊరు రావాలనుకుంటున్నాం ఈ వారంలో," అన్నాడు హర్షవర్ధన్.

"మా చానెల్ ఎందుకు మూయించారండీ?" అంది మార్త.

"అది మేం కావాలని చేసింది కాదు మేడమ్. సిస్టమ్ చేస్తుంది. మా దగ్గరున్న రికార్డింగులకి ఒక డిజిటల్ ముద్ర ఉంటుంది. అలాంటి గొంతు, అలాంటి పాట ఎక్కడ కనిపించినా అదే పట్టుకుని రిపోర్ట్ చేసేస్తుంది. దొంగ కాపీలు ఆపడానికి పెట్టుకున్నాం."

"మా పెద్దమ్మ మా వాకిట్లో పాడితే దొంగ కాపీ ఎట్లా అవుద్దండీ?"

"యాక్చువల్‌గా లీగల్‌గా చూస్తే..." అంటూ అతను సొరుగు లాగి కాగితాల కట్ట తీశాడు. పదకొండు పేజీలు, మొత్తం ఇంగ్లీషు. చివరి పేజీలో శౌరమ్మ సంతకం. రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలు, ఒక్కొక్కటీ ఒక్కో ఇటుకలాగా పేర్చి పెట్టినట్టుంది. "అమ్మగారు మాకు పూర్తి హక్కులిచ్చారండి. ప్రాజెక్టు జరిగినన్ని రోజుల్లో రికార్డయిన సమస్త శబ్దాలూ సంస్థవే అవుతాయి. ఏడో పేజీలో ఉంది."

"సమస్త శబ్దాలా?" అంది మార్త.

"అది లీగల్ లాంగ్వేజ్ అండి."

మార్తకి ఒళ్లు మండింది. మాట కాదు, పాట కాదు, శబ్దాలు. కుక్క మొరిగినా శబ్దమే, తలుపు కిర్రుమన్నా శబ్దమే. వెయ్యేళ్లనాటి మాటని తల్లి నోటి నుంచి బిడ్డ చెవికి చేర్చుకుంటూ వచ్చిన జనం సంగతి చివరికి ఒక వకీలు ఏడో పేజీలో ఆ ముక్కతో తేల్చేశాడు.

"ఇది ఆవిడకి చదివి వినిపించారా?"

"సారాంశం చెప్పారండి మా ఫీల్డ్ టీమ్."

"ఏం చెప్పారో నేనూ విన్నాను. మీ మాట చచ్చిపోకుండా దాస్తాం, మీ పిల్లలు ఎప్పుడు కావాలంటే అప్పుడు వినొచ్చు అన్నారు. ఇప్పుడు మా పిల్లలు వింటుంటే కేసు పెట్టారు. దాయమని మీకు ఇచ్చింది మాకు తాళం వెయ్యమని కాదు కదండీ."

హర్షవర్ధన్ ముఖంలో నొచ్చుకున్న ఛాయ కనిపించింది. తాను మంచిపని చేస్తున్నానని నిజంగా నమ్మేవాడి నొచ్చుకోవడం అది. "మీకు కావాలంటే మా యాప్‌లో కమ్యూనిటీ లాగిన్ ఇప్పిస్తాను మేడమ్. మీ పిల్లలు అందులో చూసుకోవచ్చు. అసలు మీరు మా పని చూస్తే మీకే తెలుస్తుంది. రండమ్మా, చూపిస్తాను," అని గోడమీది పెద్ద తెర వెలిగించాడు.

తెర మీద వరసలు వరసలుగా పాటలు. ప్రతిదానికీ ఒక నంబరు, ఒక బొమ్మ, ఎంతమంది విన్నారో లెక్క. "ఇవన్నీ అమ్మగారి గొంతేనండి. మొత్తం మూడువందల నలభై. మా యాప్‌లో అన్నిటికంటే ఎక్కువమంది వినేది ఏదో తెలుసా అండి? రెండువందల పద్నాలుగు. లాలిపాట. నాలుగు లక్షల మంది. బెంగళూరు వాళ్లు, హైదరాబాదు వాళ్లు, విదేశాల్లో ఉన్నవాళ్లు కూడా రోజూ పిల్లల్ని దీనితోనే నిద్రపుచ్చుతున్నారు."

శౌరమ్మ మజ్జిగ గ్లాసు పక్కన పెట్టింది.

"నేను లాలిపాట పాడలేదయ్యా మీకు," అంది.

"పాడారమ్మా. మీకు గుర్తుండి ఉండదు."

"లాలిపాటలు మా చెల్లెలు పాడేది, దీని తల్లి. అది పోయాక నేను పాడను. ఆ పిల్లకి కూడా చెప్పాను," అని కిటికీ వైపు చూపించింది.

సుస్మిత హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

"సార్, అది ప్లే చెయ్యకండి," అంది సుస్మిత.

అప్పటికే హర్షవర్ధన్ నొక్కేశాడు.

ముందు వేణువు వినిపించింది. ఎవరో కలిపిన వేణువు. దాని వెనక సన్నగా చిరుగంటలు. ఆ తర్వాత శౌరమ్మ గొంతు మొదలైంది. చాలా మెల్లగా, ఒకే ఊపులో, ముందుకీ వెనక్కీ ఊగుతున్న మనిషి పాడుతున్నట్టు. తెర మీద నెలవంకలో పడుకున్న పాప బొమ్మ ఊగుతోంది.

మొదటి మాటకే మార్త గుర్తుపట్టింది. ఇది ఆమె విన్న పాట. ఒక్కసారే విన్న పాట. ఆ మాటకొస్తే పాట కూడా కాదు. మూడేళ్ల కిందట తడి బట్టల్లో ఉన్న నాని తలని ఒళ్లో పెట్టుకుని శౌరమ్మ అన్న మాటలు అవి. ఎవరూ నేర్పినవి కావు, ఎవరికోసమూ అన్నవి కావు. ఆ రోజు వాకిట్లో మైకుల్లేవు, కెమెరాల్లేవు. రికార్డింగు వాళ్లంతా సామాను సర్దుకుని కారులోకి వెళ్లిపోయారు. సుస్మిత ఒక్కతే ఉండిపోయింది, భుజానికి గుడ్డసంచితో.

మార్త పెద్దమ్మ వైపు చూడటానికి భయపడింది. చూసింది. శౌరమ్మ కూర్చున్న చోటునుంచి కదల్లేదు. కళ్లు తెర మీది నెలవంక మీదే ఉన్నాయి. ఒళ్లో పెట్టుకున్న రెండు చేతులూ మాత్రం, పాట ఊపుకి తగ్గట్టుగా, దేన్నో నిమురుతున్నట్టు కదులుతున్నాయి.

"ఈ 'తన్ని తన్ని' అనే చోటుంది చూశారా అండి," అన్నాడు హర్షవర్ధన్, గొంతు తగ్గించి. "ఎంత హాయిగా ఉంటుందో. మా పాపకి పదహారు నెలలు. సరిగ్గా ఇక్కడికొచ్చేసరికి కళ్లు మూస్తుంది. రోజూ."

"ఆపండి," అంది మార్త.

"మేడమ్?"

"ఆపండి దాన్ని."

ఆపాడు. గదిలో ఏసీ చప్పుడు మిగిలింది. కింద కొట్టులో ఎవరో వైరు చుట్ట దొర్లిస్తున్నారు.

మార్త నోరు తెరవబోయింది గానీ శౌరమ్మ చెయ్యి ఆమె ముంజేతి మీద పడింది. ఆవిడ కిటికీ వైపు తిరిగి, "బిడ్డా, ఇట్రా," అంది.

సుస్మిత వచ్చి నిలబడింది.

"నీకు మా మాట వచ్చుగా. ఇతనికి చెప్పు. తెలుగులో చెప్పు. ఒక్కో ముక్కా చెప్పు."

"అమ్మమ్మా..."

"నేను చెబితే ముసల్ది ఏడుస్తుందనుకుంటాడు. ఇది చెబితే కోపంతో అంటుందనుకుంటాడు. నువ్వు వాళ్ల మనిషివి. చెప్పు."

సుస్మిత తెర వైపు వీపు తిప్పింది. తర్వాత బళ్లో పాఠం అప్పజెప్పే పిల్లలాగా, ఎటూ చూడకుండా, ఒక్కో ముక్కా చెప్పింది.

"నీళ్లూ, నీళ్లూ, నా బిడ్డని నీకెవరు ఇచ్చారు. నీళ్లూ, నీళ్లూ, వాడికి ఈత నేర్పిందానివి నువ్వే కదా. తీగలో ఉండాల్సిన నిప్పుని నీలో ఎవరు కలిపారు. చద్దన్నం మూట ముడి విప్పకుండానే తెచ్చారు నాన్నా, ఆకలి అనలేదా నువ్వు. వేళ్లెందుకు ఇంత నల్లబడ్డాయి నానీ. బుడగలుబుడగలుగా నీళ్లింకా తిరుగుతున్నాయంట, యంత్రం ఇంకా ఆపలేదంట." ఆమె హర్షవర్ధన్ వైపు తిరిగింది. "చివర్లో వచ్చే మాట... మీరు జో జో అని సబ్‌టైటిల్ వేయించారు కదా సార్. అది జో జో కాదు. లే, లే అని. తెల్లారింది, లేవరా అని."

హర్షవర్ధన్ కుర్చీలో వెనక్కి జారాడు. "ఇది... ఇది లాలిపాట కేటగిరీలోకి ఎట్లా వచ్చింది?" అని సుస్మితని అడిగాడు.

"బాణీని బట్టి సాఫ్ట్‌వేరే కేటగిరీ పెట్టింది సార్. నిదానంగా, ఊపుగా ఉందని లాలిపాట అంది. నేను పక్కన పెట్టమని రాశాను. వాడకూడదు అని రాశాను. నోట్సులో ఉంది."

"నోట్సు అప్‌లోడ్ అవదు కదా. ఆ షీట్‌లో అలాంటి కాలమ్ లేదు."

"లేదు సార్. కాలమ్ లేదు."

ఎంత తేలిగ్గా అన్నారు ఇద్దరూ. మార్తకి గోడమీది ఫోటో చించి పారెయ్యాలనిపించింది. పాటకి నంబరు వెయ్యడానికి కాలమ్ ఉంది. ఎంతమంది విన్నారో రాయడానికి ఉంది. వేణువు కలపడానికి మనిషి దొరికాడు, నెలవంక గియ్యడానికి మనిషి దొరికాడు. వద్దు అనే ముక్క రాసుకోవడానికి చోటు దొరకలేదు.

ఆమె సుస్మిత వైపు తిరిగింది. "ఆ రోజు సంచిలో మిషను పెట్టుకుని కూర్చున్నావా మా ఇంట్లో?"

"కావాలని కాదు మార్తక్కా. పొద్దున ఆన్ చేసింది ఆపడం మర్చిపోయాను. సాయంత్రం చూసుకున్నాను."

"చూసుకుని చెరిపెయ్యలేదేం?"

సుస్మిత దాచుకోలేదు. "చెరపలేకపోయాను. పదకొండు రోజుల్లో అమ్మమ్మ మాట్లాడిన మాటలన్నిట్లో అదే... నాకు అంత గొప్పగా ఎవరూ మాట్లాడినట్టు అనిపించలేదక్కా. చెరిపితే పాపమనిపించింది."

"ఉంచుకుంటే పుణ్యమనిపించిందా?"

సుస్మిత తన బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

హర్షవర్ధన్ లేచి మంచినీళ్లు తాగి వచ్చాడు. వచ్చేసరికి మళ్లీ మేనేజరయ్యాడు గానీ, ఇందాకటి ధీమా లేదు. "అమ్మా, నేను సారీ చెబుతున్నాను. మనస్ఫూర్తిగా చెబుతున్నాను. దాన్ని తీయించడానికి హెడ్డాఫీసుకి రాస్తాను. ప్రాసెస్ ఉంటుంది, నెలా రెండు నెలలు పట్టొచ్చు. కాకపోతే ఒక ఇబ్బందుందండి." అతను బల్లమీది కవరు తీశాడు. బంగారు రంగు అంచున్న ఆహ్వాన పత్రిక. దాని మీద కూడా శౌరమ్మ ఫోటో. "ఈ శుక్రవారం మన యాప్ రెండో వెర్షన్ విడుదల. మంత్రిగారు వస్తున్నారు. అమ్మగారికి సన్మానం. ఇది ఇవ్వడానికే మీ ఊరు రావాలనుకున్నాం."

"ఇబ్బంది ఏంటో చెప్పండి," అంది మార్త.

అతను ఆమె కళ్లలోకి చూడలేదు. "ప్రారంభ గీతం ఇదేనండి. వందమంది స్కూలు పిల్లలు. రెండు వారాల నించి ప్రాక్టీసు చేస్తున్నారు. ఉయ్యాల ఊపుతున్నట్టు చేతులతో... ఇప్పుడు మార్చాలంటే నా చేతిలో లేదు."

మార్త లేచి నిలబడింది. "పద పెద్దమ్మా. వీళ్లతో మాటలేంటి. కలెక్టరుగారి దగ్గరికి పోదాం. పేపరు వాళ్ల దగ్గరికి పోదాం. కొడుకు శవం మీద ఏడ్చిన ఏడుపుకి వందమంది పిల్లల చేత చిందులేయిస్తారంట, దానికి నిన్ను పిలిచి శాలువా కప్పుతారంట."

శౌరమ్మ లేవలేదు. ఆహ్వాన పత్రిక చేతిలోకి తీసుకుని, దూరంగా పెట్టి, అక్షరాలు కూడబలుక్కుంటూ తన పేరు చదువుకుంది. తర్వాత అడిగింది.

"శుక్రవారం నా చేతికి మైకు ఇస్తారా అయ్యా?"

హర్షవర్ధన్ తడబడ్డాడు. "ఇస్తాం అమ్మా. సన్మానం అయ్యాక రెండు మాటలు మాట్లాడొచ్చు."

"మా మాటలో మాట్లాడొచ్చా?"

"అయ్యో, అదే కదమ్మా మాకు కావాల్సింది."

"అయితే వస్తాను."

మార్తకి తన చెవులను తను నమ్మబుద్ధి కాలేదు. హర్షవర్ధన్ చేతులు జోడించాడు. గండం గడిచినట్టు ఊపిరి పీల్చుకోవడం అతని ముఖంలో స్పష్టంగా కనిపించింది. శౌరమ్మ బల్ల పట్టుకుని లేచి, ఫోటో వైపు ఇంకోసారి చూడకుండా, తలుపు వైపు నడిచింది.

మార్త పెద్దమ్మ జబ్బ పట్టుకుని మెట్లు దింపింది. రెండో అంతస్తు దగ్గర ఇక ఆగలేకపోయింది.

"వాళ్ల స్టేజీ ఎక్కుతావా? ఆ పాట పెట్టి నీకు దండేస్తే వేయించుకుంటావా? నాని నీకు కొడుకు మాత్రమే కాదు పెద్దమ్మా, నాకు తమ్ముడు."

శౌరమ్మ మెట్టు మీద ఆగి, గోడకి చెయ్యి ఆనించి ఊపిరి తీసుకుంది.

"వందమంది పిల్లలు రెండు వారాలుగా పాడుతున్నారంట కదే. నీ చానెల్లో రెండేళ్లు మొత్తుకున్నా వందమంది నేర్చుకోలేదు మన మాట. తెలియక నేర్చుకున్నారు, కానీ నోటికైతే వచ్చింది. పాట నోటికొచ్చిన పిల్లలకి దాని అర్థం చెప్పకుండా ఎట్లా వదిలేస్తామే? ఏమంటున్నారో తెలియకుండా వాళ్లని స్టేజీ ఎక్కించడం మరీ పాపం."

"అది మన పని కాదు. చేసిన వాళ్లది."

"చేసినవాళ్లు చెప్పరు."

పైనుంచి చెప్పుల చప్పుడు వినిపించింది. సుస్మిత. గుడ్డసంచి భుజానికి వేసుకుని గబగబా దిగి వచ్చి రెండు మెట్ల పైనే ఆగిపోయింది, అంతకంటే దగ్గరికి రావడానికి అర్హత లేనట్టు.

"అమ్మమ్మా, రిహార్సల్ ఇవాళ రెండింటికుంది. బందరు రోడ్డు మీద స్కూల్లో. నేను అక్కడికే వెళ్తున్నాను."

"నువ్వెందుకు?" అంది మార్త.

"వాళ్లకి ఆ పాట పలకడం నేర్పేది నేనే అక్కా."

"అర్థం తెలిసే నేర్పావా?"

"తెలిసే నేర్పాను," అంది సుస్మిత. ఏడవలేదు. ఏడిస్తే మార్త చెయ్యి చేసుకునేదేమో. "ఉద్యోగం పోతుందని నేర్పాను. ఇవాళ మీరు వస్తే... మీరు లోపలికి రావడానికి నా దగ్గర పాసుంది. అంతే చెప్పగలను."

మార్త ఆ అమ్మాయి ముఖంలోకి చూసింది. ఈ పిల్ల మనసు మంచిదని పదిమందికి చెప్పిన నోరు తనది. మంచి మనసుండి ఇంత చెడు చేయడం ఎట్లా కుదురుతుందో ఆమెకి అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని కూడా లేదు. అయినా ఆటోలో సుస్మిత ఒక పక్కన, మార్త ఒక పక్కన, మధ్యలో శౌరమ్మ కూర్చున్నారు. సుస్మిత ఫోను రెండుసార్లు మోగింది. రెండుసార్లూ హర్షవర్ధన్ పేరే. ఆమె ఎత్తలేదు.

స్కూలు అయిదంతస్తుల అద్దాల మేడ. గేటు దగ్గర వాచ్‌మన్ పాసు చూసి, మార్త చీర వంకా శౌరమ్మ వట్టి కాళ్ల వంకా చూసి, సుస్మిత ఇద్దరూ తనతోనే అన్నాక వదిలాడు. లిఫ్టు దిగగానే పాట వినిపించింది.

వందమంది పిల్లలు ఒకేసారి పాడుతుంటే ఆ మాటలు మార్తకి మొదట పోల్చుకోవడానికి రాలేదు. అంత ముచ్చటగా ఉన్నాయి. ఉచ్చారణలో తప్పు లేదు. సుస్మిత బాగా నేర్పింది. నీళ్లూ, నీళ్లూ, నా బిడ్డని నీకెవరు ఇచ్చారు. పసుపు రంగు యూనిఫారాల్లో అయిదారు వరసలు, అందరూ ఏడెనిమిదేళ్లవాళ్లు. పక్కన డాన్సు టీచరు వేళ్లతో చిటికెలు వేస్తూ, "స్మైల్, చిల్డ్రన్, స్మైల్," అంటోంది. పిల్లలందరూ నవ్వుతూ ఖాళీ చేతుల్ని ఉయ్యాలలా ఊపుతున్నారు. వేళ్లెందుకు ఇంత నల్లబడ్డాయి నానీ.

మార్త గుమ్మం పట్టుకుంది. పెద్దమ్మని అక్కడనుంచి తీసుకుపోవాలని చెయ్యి చాచేసరికి ఆ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

శౌరమ్మ అప్పటికే హాలు మధ్యకి వెళ్లిపోయింది. పిల్లల ముందు నిలబడింది. డాన్సు టీచరు చిటికెలు ఆపి, "ఎవరండీ మీరు, ఎవరు రానిచ్చారు?" అంటోంది. వెనక వరసల్లో పాట ఇంకా ఆగలేదు. ముందు వరసల్లో ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం మెల్లగా వెనక్కి పాకింది.

శౌరమ్మ మోకాళ్లు సహకరించకపోయినా పిల్లల ఎదుట నేల మీద కూలబడినట్టు కూర్చుంది. నోరు తెరిచింది. ఇందాక వాళ్లు ఆపిన చోట నుంచి, వేణువూ గంటలూ లేకుండా, చివరి ముక్క పాడింది. లే, లే. తెల్లారింది, లేవరా.

ముందు వరసలో రెండు జడల పిల్ల ఒకటి ఆవిడ ముఖంలోకి తేరిపార చూసింది. ఉయ్యాల ఊపుతున్న చేతులు అలాగే ఉంచుకుని, ఒక అడుగు ముందుకి వేసింది.

"అవ్వా, ఈ పాట నీక్కూడా వచ్చా?" అని అడిగింది. "మరి, నువ్వెందుకు నవ్వట్లేదు?"